అవ్వ పడని ఫిలిం

పోయిన వారం పాత ట్రంకు పెట్టె దులుపుతుంటే అడుగున ఒక కాగితం పొట్లం బయటపడింది. విప్పగానే పులిసిన గంజి వాసన గుప్పుమంది. లోపల నల్లతెల్ల ఫోటోల కాలం నాటి ఫిలిం ముక్కలు. మా మనవరాలు వాటిని ఒక్కొక్కటిగా ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుని చూసింది.

"అమ్మమ్మా, వీటిలో సగం ఏమీ లేవు. ఉత్త ఖాళీ. పారేసేదా?" అంది.

"ఏమీ లేవని నీకెవరు చెప్పారు?" అని కసురుకున్నాను.

పిల్ల బిత్తరపోయింది. పొద్దస్తమానం ఫోనుతో ఫోటోలు తీసి, సాయంత్రానికి వాటిని చెరిపేసుకునే పిల్ల అది. నాలుగు ఫిలిం ముక్కల కోసం ముసలామె ఎందుకు మీద పడుతోందో దానికి అర్థం కాలేదు. నా కోపం దాని మీద కాదు, ఆ మాట మీద. చిన్నప్పుడు ఒక వానాకాలమంతా "ఏమీ పడలేదు, ఏమీ లేదు" అన్న మాట వినీ వినీ నా చెవులు వాచిపోయాయి. ఇన్నేళ్ళయినా ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

మాది బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డు ఊరు. రెండు వరసల తాటాకు ఇళ్ళు, వెనక సరుగుడు తోట, ముందు ఇసుక, ఆ తర్వాత నీళ్ళు. బయటి నుంచి వచ్చేవాళ్ళు పొలిమేరలోనే ఎండుచేపల వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకది వాసన కింద లెక్కే కాదు. పొద్దున్నే చద్దన్నంలోకి కాల్చిన నెత్తళ్ళ ఎండుచేపలు నంజుకుని బడికి పోతే, పక్క ఊళ్ళ పిల్లలు బెంచీ చివరికి జరిగి కూర్చునేవాళ్ళు. చేతులు వాసన చూసుకుంటే నాకేమో నోరూరేది.

మా ఇంట్లో అందరూ సముద్రం మీద బతికేవాళ్ళే, చిన్నాయన తప్ప. మా నాయనకు తమ్ముడాయన. పడవ ఎక్కితే కడుపులో తిప్పుతుందని చెప్పి బిట్రగుంట రైలు షెడ్డులో ఇంజన్లు తుడిచే పనిలో చేరాడు. సెలవు దొరికినప్పుడల్లా ఇంటికొచ్చేవాడు. ఒంటి నిండా బొగ్గు వాసన, నోటి నిండా షెడ్డు కబుర్లు. ఆయన చెప్పేది వింటే దేశంలోని రైళ్ళన్నీ ఆయన తుడిస్తేనే కదులుతున్నాయేమో అనిపించేది.

షెడ్డులో డ్రైవరుగా ఉన్న ఒక దొర దేశం విడిచి వెళ్ళిపోతూ ఇంట్లో సామానంతా అయినకాడికి అమ్మేశాడట. అందరూ కుర్చీలు, మంచాలు కొనుక్కుంటే మా చిన్నాయన కెమెరా కొనుక్కున్నాడు. పసిబిడ్డను తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు.

అది ఒక నల్లటి డబ్బా. మా వంటింట్లో ఉప్పు పోసుకునే చెక్కపెట్టె అంత ఉంటుంది. ముందువైపు మధ్యలో గుండ్రటి కన్నం, ఆ కన్నం లోపల ఒక రేకు. పక్కనున్న మీట నొక్కితే "టక్" అని ఆ రేకు రెప్పపాటు పక్కకు జరిగి, వెలుతురును లోపలికి పోనిచ్చి మళ్ళీ మూసుకుంటుంది. ఆ వెలుతురు ఫిలిం మీద పడితేనే బొమ్మ. వెనకున్న ఎర్రగాజు కిటికీలో నంబర్లు కనిపిస్తాయి. ఒక బొమ్మ తీశాక చెవి తిప్పి తర్వాతి నంబరుకు జరుపుకోవాలి. డబ్బాను పొట్టకు ఆనించుకుని, తల వంచి, పైనున్న గోరంత అద్దంలోకి చూస్తూ ఫోటో తీయాలి. ఇవన్నీ చిన్నాయన మాకు పాఠంలా చెప్పాడు. ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఆ గోరంత అద్దంలో ఆయనకు ఏం కనిపించేదో ఆ దేవుడికే తెలియాలి. మొదటి రీలు కావలిలో కడిగించుకొస్తే, అందులో ఒక్క మనిషికీ తల లేదు. మా తాత నులక మంచం మీద దర్జాగా కూర్చున్నాడు, మెడ వరకూ. మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడింది, గడ్డం వరకూ.

"నా మొహం యాడ పెట్టినావయ్యా?" అంది అమ్మ.

"చీర బాగా పడింది గదా వదినా! ఆ అంచు చూడు!" అన్నాడు చిన్నాయన.

మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా బొమ్మలు పడ్డాయి. తలలు లేకపోయినా మనుషులు పడ్డారు. ఆ మాట గుర్తుంచుకోండి.

ఇక మా అవ్వ సంగతి. అవ్వంటే మా నాయన తల్లి. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, చేతికి ముదురాకుపచ్చ గాజులు, ఆ గాజుల మధ్య నలిగిపోయిన ఒక వెండి కడియం. మా ఊళ్ళో అవ్వ చెయ్యి మంచి చెయ్యి. కొత్త పడవ నీళ్ళలో దిగాలంటే ముందు దాని అణియానికి, అంటే ముందు కొసకు, అవ్వ బొట్టు పెట్టాలి. కొత్త వల సముద్రానికి పోయేముందు దాని మీద అవ్వ చెయ్యి పడాలి. ఆ చేత్తో సాగనంపితే పడవ తిరిగి ఒడ్డుకు వస్తుందని అందరి నమ్మకం. మా నాయన సముద్రం మీదికి పోయేది కూడా ఆ బొట్టును నమ్ముకునే.

ఆ బొట్టు మామూలు బొట్టు కాదు. అలలు కొట్టినా చెరగకూడదు. అందుకని అవ్వ ముందురోజే తుమ్మబంక నానబెట్టి, అందులో గంధం, కుంకుమ కలిపి నూరేది. దాన్ని పడవ బొట్టు అనేవాళ్ళం. చెక్కకు అంటుకుంటే ఇక వదిలేది కాదు. పొరపాటున నా జుట్టుకు అంటుకుంటే మా అమ్మ కత్తెర పెట్టి కత్తిరించింది.

ఆ ఏడు ఆయుధపూజకు చిన్నాయన సెలవు పెట్టుకుని వచ్చాడు. ఇంటి ముందు వలలు, తెడ్లు, గాలాలు, కత్తిపీట, నాయన సైకిలు వరసగా పెట్టాం. తన పనిముట్టు కూడా ఉండాలని చిన్నాయన ఆ వరస చివర కెమెరాను ఉంచాడు. అవ్వ గిన్నె పట్టుకుని ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టుకుంటూ పోయింది. చిన్నాయనేమో బొరుగులు, బెల్లం, శనగపప్పు కలిపిన పళ్ళెం ముందు కూర్చుని, నమిలిన నోటితోనే నాకు ఇంజను ఎలా కూస్తుందో వినిపిస్తున్నాడు. ఆ రోజు మా ఇంట్లో బొట్టు లేని వస్తువు లేదు. మర్నాడు చిన్నాయన కెమెరాను తడిగుడ్డతో తుడుచుకుని, "ఇంక చూడండి నా తడాఖా" అన్నాడు.

మొదటి రీల్లో అవ్వ లేదు. ఎంత బతిమాలినా కూర్చోలేదు. చేపలు కోసిన మొహంతో, పొగచూరిన చీరతో ఫోటోలో పడకూడదని ఆమె పట్టుదల. "పొద్దున్నే తలకు పోసుకుని, దీపం పెట్టుకుని, అప్పుడు కూర్చుంటా. ఆ మొహం పడితే చాలు" అంది. పూజ తర్వాత ఒక మంచురోజున పొద్దున్నే తలంటుకుంది. ఎర్రంచు చీర కట్టుకుంది. తడి జుట్టులో కనకాంబరాలు పెట్టుకుంది. పెళ్ళిపీటల మీద కూడా అంత సంబరంగా కూర్చుని ఉండదని తాత ఏడిపించాడు. ఆమె సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వు మీదనే చిన్నాయన మీట నొక్కాడు. టక్. మరోసారి టక్. ఇంకోసారి టక్. మిగిలిన ఫిలిం మధ్యాహ్నం ఒడ్డున ఖర్చుపెట్టాడు. వలలో పడిన సొరచేప, దాని నోట్లో చెయ్యి పెట్టిన మా తాత, ఎండకేసిన చేపలు.

ఆ రీలు కడిగించడానికి పోతూ చిన్నాయన నన్ను కూడా కావలి తీసుకెళ్ళాడు. ముందు హోటల్లో కారం దోసె తినిపించాడు. నోరు మండి కళ్ళనీళ్ళు కారుతున్నా ఇంకోటి కావాలన్నాను. స్టూడియోలో మందుల ఘాటు, తమలపాకుల వాసన కలిసి ఉండేవి. స్టూడియో ఆయన వక్క నములుతూ, కడిగిన ఫిలిం తెచ్చి మా ముందు వేలాడదీశాడు.

సొరచేప పడింది. తాత పడ్డాడు, తల లేకుండా. చేపలు పడ్డాయి. అవ్వ ఉండాల్సిన చోట ఫిలిం నీళ్ళలా తేటగా ఉంది. ఒక్క గీత లేదు, మచ్చ లేదు. నేను దాన్ని కళ్ళకు ఆనించుకుని చూస్తే అవతల స్టూడియో ఆయన మొహం కనిపించింది.

"కడగడంలో తప్పు చేసినావు" అన్నాడు చిన్నాయన.

"అంచులు చూడబ్బా! ఫిలిం వెంబడి నంబర్లు పడినాయా లేదా? మందులో తప్పుంటే నంబర్లు కూడా పడవు. వెలుతురు తగలని ఫిలిమే ఇట్టా తేటగా వచ్చేది. నీ డబ్బాలోకి వెలుతురు పోలా" అన్నాడాయన.

"పోకుండా యాడికి పోతాది? టక్కుమనింది గదా!"

"మూత తీసినావా?"

"దీనికి మూతే లేదు."

"మూత లేని కెమెరా యాడన్నా ఉంటాదా?"

ఇక అక్కడి నుంచి ఇద్దరూ మూత మీద పడ్డారు. మూత ఉండాలని ఆయన, లేదని ఈయన. వెలుతురు లోపలికి పోలేదన్న అసలు మాట ఆ మూత గొడవలో కొట్టుకుపోయింది. ఇద్దరిలో ఒక్కడైనా కాసేపు నోరు మూసుకుని ఉంటే మా ఇంట్లో అంత ఏడుపు ఉండేది కాదు.

ఇంటికొచ్చాక చిన్నాయన మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ ఒక పొద్దున్నే తలంటు, ఎర్రంచు చీర, కనకాంబరాలు. మళ్ళీ టక్ టక్. ఫిలిం కడిగితే మధ్యాహ్నం తీసిన మేకలు పడ్డాయి, రైలు కట్ట పడింది, అవ్వ మాత్రం పడలేదు.

అప్పుడైనా కెమెరాను విప్పి చూసుకోవాలా వద్దా? మా చిన్నాయన ఆ పని చేయలేదు. ఒడ్డున వల బాగుచేసుకునే వాళ్ళ మధ్య కూర్చుని, "నా కెమెరాలో తప్పు లేదు. టక్కుమంటా ఉండాది. స్టూడియోలో తప్పు లేదు. నంబర్లు పడతా ఉండాయి. మా అమ్మే పడటం లా" అని నవ్వుతూ చెప్పుకొచ్చాడు. తన పనితనం మీదకి మాట రాకూడదని కన్నతల్లి మీదకి తోసేశాడు. తమాషాకే అన్నాడులెండి. తమాషా ఒడ్డున పుట్టి ఊళ్ళోకి వచ్చేసరికి తమాషాగా మిగలదు.

"ఆమె రూపం ఫిలింలో పడదంట."

"మేక పడినాది గానీ ఆమె పడలేదంట మే."

"ఏముందో ఏమో. మనకెందుకు."

ఈ మాటలు నీళ్ళ దగ్గర విన్నాను, చేపలు ఆరబెట్టే చోట విన్నాను. నేను దగ్గరికి రాగానే ఆపేసేవాళ్ళు. అది మరీ ఒళ్ళుమంట.

ఆ నెలలోనే పక్కింటి మామ కొత్త పడవ నీళ్ళలో దించాడు. అవ్వ ఎప్పటిలా ముందురోజే తుమ్మబంక నానబెట్టుకుంది. పొద్దున్నే గంధం తీసి, కుంకుమ కలిపి, గిన్నె పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఎవరైనా వచ్చి పిలుస్తారని చూస్తోంది. పిలిచిపోవడం మా ఊళ్ళో పద్ధతి. పిలవనిదే పోకూడదు. కాసేపటికి ఒడ్డు నుంచి డప్పులు వినబడ్డాయి. నేను పరుగెత్తుకుని పోయి చూశాను. రెండో వరసలో ఉండే ఇంకో ముసలామె అణియానికి బొట్టు పెడుతోంది. పక్కింటి అత్త నన్ను చూసి మొహం తిప్పుకుంది. చిన్నప్పటి నుంచి ఆమె ఇంట్లో తిని పెరిగినదాన్ని నేను.

తిరిగొచ్చి ఎలా చెప్పాలో తెలియక గడపలో నిలబడ్డాను. అవ్వకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. "గంధం ఎండిపోతాది పాపా. ఇట్టా రా" అని పిలిచి, ఆ గిన్నెలోది తీసి నా రెండు చేతులకూ రాసింది. మోచేతుల దాకా రాసింది. అవి బంకకు పట్టేసి సాయంత్రం దాకా చురచురలాడాయి. కడుక్కోబుద్ధి కాలేదు. ఆ రోజు మామిడికాయ వేసి వండిన చేపల పులుసులో ఉప్పు లేదు. ఉప్పు లేని పులుసును మా నాయన నోరెత్తకుండా తినడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకు మాత్రం నిద్ర పట్టని కోపం వచ్చింది. అవ్వను అన్నవాళ్ళందరి నోళ్ళూ మూయించాలని పట్టుదల పట్టాను. చిన్నాయన మళ్ళీ వచ్చినప్పుడు ఆయన వెంటపడి, పొద్దున్నే అవ్వ పక్కన నేను కూడా నిలబడ్డాను. నా జబ్బ మీద అవ్వ చెయ్యి వేసింది. ఫిలిం కడిగితే ఆ చోటు కూడా తేటనీళ్ళే. ఇద్దరం పడలేదు. నేను ఎగిరి గంతేశాను. తప్పు అవ్వలో లేదని తేలిపోయింది కదా! ఆ ముక్క పట్టుకుని పక్కింటికి పరుగెత్తాను.

"అత్తా, చూడు! నేనూ పడలా! నాలో కూడా ఏమన్నా ఉండాదా?"

అత్త దాన్ని వెలుతురుకు పట్టుకుని చూసి, నా తల నిమిరి, "అవ్వ పక్కన ఎందుకు నిలబడినావు తల్లీ?" అంది.

ఏం చెప్పమంటారు? గోడకైనా రెండు చెవులుంటాయేమో గానీ, ఒక మాట నమ్మేసిన మనిషికి ఒక్కటి కూడా ఉండదు. పొద్దున్నే ఒట్టి పడవను ఫోటో తీయమని చిన్నాయన కాళ్ళు పట్టుకున్నాను. తీశాడు. అదీ పడలేదు. "ఆమె ఆ దోవనే నడిచిపోయింది గదా" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

అన్ని గొడవల మధ్యా ఒక సంగతి నా మనసులో తగులుకుంది. పడని బొమ్మలన్నీ పొద్దుటివి. పడినవన్నీ ఎండెక్కాక తీసినవి. ఇది చిన్నాయనతో చెబితే "పొద్దున కూడా వెలుతురే గదే, పిచ్చిదానా" అని కొట్టిపారేశాడు.

ఆయన షెడ్డుకు పోయాక అటక మీద నుంచి కెమెరా దించాను. ముట్టుకుంటే తంతానని చెప్పి పోయాడు. తంతే తన్నాడని దించాను. అందులో ఫిలిం లేదు. బయట ముసురు పట్టి ఉంది. ఉప్పుగాలికి గోడలు కూడా చెమర్చాయి. అరుగు మీదికి తెచ్చి వెనక తలుపు ఊడదీసి, ముందు భాగం ఆకాశం వైపు తిప్పి, వెనక నుంచి లోపలికి కన్ను పెట్టి మీట నొక్కాను.

టక్.

చీకటి. వెలుతురు చుక్క కూడా రాలేదు. మళ్ళీ నొక్కాను. టక్. చీకటి. శబ్దం వస్తోంది, రేకు మాత్రం కదలడం లేదు. చిన్నాయన ఇన్నాళ్ళూ దేని మీద ప్రమాణం చేసి మాట్లాడాడో ఆ టక్ శబ్దం ఒట్టి స్ప్రింగుది! నాకు ఎంత మంట పుట్టిందంటే కెమెరాను ఇసుకలోకి విసిరేద్దామనుకున్నాను. మధ్యాహ్నం కాస్త ఎండ పొడవగానే మళ్ళీ చూశాను. మొదట చీకటే. రెండు మూడుసార్లు నొక్కాక టక్ అనడంతోనే తళుక్కున వెలుతురు. ఆ తర్వాత ప్రతిసారీ వెలుతురే.

చిన్నాయన వచ్చేదాకా కడుపులో ఆ సంగతి దాచుకుని ఉండటం నా వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో అందరికీ చూపించాను. ఆయన వచ్చాక మొదట తిట్టాడు, తర్వాత కన్ను పెట్టి చూశాడు. చీపురుపుల్ల తీసి ముందు కన్నంలో పెట్టి రేకు అంచున గీకాడు. పుల్ల కొసకు ఎర్రటి పొడి అంటుకుని వచ్చింది. నేను వాసన చూశాను. గంధం. వేళ్ళతో నలిపితే జిగట. తుమ్మబంక.

అందరం అవ్వ వైపు తిరిగాం. ఆమె చేప పొలుసు గీకుతూ కత్తిపీట మీద కూర్చుని ఉంది.

"పండగ రోజు పెట్టినా" అంది నిదానంగా. "అన్నిటికీ నొసట పెట్టినా. దీనికి నొసలు యాడుందో నాకేం తెలుసు? మధ్యలో గుండ్రంగా ఉంటే అదే అనుకుని వేలు పెట్టినా."

"పడవ బొట్టా పెట్టినావు?" అన్నాడు చిన్నాయన నీరసంగా.

"చెరిగిపోకుండా ఉంటాదని పెట్టినా. రైళ్ళ కింద దూరి పని చేసేవాడివి. నీ వస్తువు చల్లగుండాలని పెట్టినా."

"అమా! అది దాని కన్నుమా! కంట్లో ఎవరన్నా బంక పెడతారా?"

"అది కన్నని నువ్వు చెప్పినావా? శనగపప్పు బొక్కతా కూర్చున్నావు!"

తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. చిన్నాయన తల పట్టుకుని కూలబడ్డాడు. పండగ మర్నాడు ఆయన తడిగుడ్డతో తుడిచినప్పుడు పైపై బొట్టు పోయి, మిగిలింది రేకు సందులోకి పోయింది. మంచుకు, ముసురుకు బంక మెత్తబడి రేకును పట్టేసేది. ఎండకు ఎండి పెళుసెక్కి వదిలేసేది. ఊరందరి పనిముట్లకూ బొట్టు పెట్టే అవ్వను ఆ బొట్టే ఊరికి దూరం చేసింది. ఆమె మాత్రం నవ్వలేదు. చేప తోముతూ, "అయితే నేను పడతానన్నమాట" అని ఒక్కసారి గొణుక్కుంది. అప్పుడు నాకు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమె కూడా ఆ మాట సగం నమ్మింది. నాకు ఏడుపొచ్చింది.

తడిగుడ్డ పుల్లకు చుట్టి చిన్నాయన రేకును శుభ్రం చేశాడు. నాయన ఒడ్డున అందరికీ సంగతి చెప్పాడు. పక్కింటి అత్త క్షమించమని అడగలేదు. మా ఊళ్ళో ఎవరూ అలా అడగరు. ఒకరోజు గిన్నెడు రొయ్యల వేపుడు తెచ్చి మా పొయ్యి గట్టు మీద పెట్టి, "మా తమ్ముడు కొత్త పడవ దించతా ఉండాడు. నువ్వు రావాలత్తా" అంది.

అవ్వ ఆమె వైపు చూడలేదు. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చుంది. ఒప్పుకోకూడదని నేను మనసులో మొక్కుకుంటున్నాను. చివరికి, "పడవ ఏం చేసింది పాపం. వస్తాలే" అంది.

ఆ పొద్దున ఒడ్డు మీద ఊరంతా ఉంది. తలంటుకున్న జుట్టు, ఎర్రంచు చీర, చేతిలో గిన్నె. చిన్నాయన పొట్టకు కెమెరా. ఇంటి నుంచి ఒడ్డు దాకా ఆయనకు మేమంతా ఒకటే పోరు. "తల! తల చూసుకో!" అని అమ్మ. "తల కోస్తే నీ తల తీస్తా" అని తాత. ఆయన విసుక్కుంటూ, "నాకు తెలీదా?" అన్నాడు. అవ్వ అణియం దగ్గరికి పోయి వేలితో గంధం తీసి పైకెత్తింది. టక్.

ఫోటో పడింది. ఎంత చక్కగా పడిందంటే పడవ చెక్క మీది గీతలు కూడా కనిపిస్తాయి. కొత్త అణియం, దాని మీద సగం పెట్టిన బొట్టు, బొట్టు మీద వేలు, గాజులు, నలిగిన వెండి కడియం, మోచెయ్యి. అక్కడితో ఫోటో అయిపోయింది. తల లేదు. భుజం కూడా లేదు. వెలుతురు బాగుంది, రేకు బాగుంది, ఫిలిం బాగుంది, మా చిన్నాయన మాత్రం మారలేదు.

ఆయన్ను అమ్మ తిట్టింది, నాయన తిట్టాడు. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. ఇంత చేసి, ఇన్నాళ్ళు కొట్టుకులాడి, చివరికి మొహం రాలేదు. చిన్నాయన నేరం చేసినవాడిలా ఫోటో తీసుకెళ్ళి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరికి తెచ్చుకుని చూసింది. కడియం మీద నలిగిన చోట వేలితో తడిమింది.

"నా చెయ్యే" అంది.

"మొహం పడలేదమా" అన్నాడు చిన్నాయన.

"మొహం సంగతి ఎవురడిగినారు? వాళ్ళు వద్దనింది చేతిని గదా. చెయ్యి పడింది. చాలు."

ఎవరింటికీ ఊరికే పోని మనిషి, ఆ సాయంత్రం రెండు వరసల్లోనూ ప్రతి గడపా తొక్కింది. ఒకరింట్లో చేరెడు ఉప్పు అడిగింది, ఒకరింట్లో నిప్పు అడిగింది, ఒకరింట్లో ఏమీ అడగలేదు. నడుముకు దోపుకున్న ఫోటో తీసి అందరికీ చూపించింది. నేను వెనకే నడిచాను. పక్కింట్లో అత్త దాన్ని కళ్ళకద్దుకుంది.

ఆ తర్వాత ఎంతమంది అడిగినా అవ్వ ఫోటోకు కూర్చోలేదు. అవసరం తీరిపోయిందంది. ఆ చేతి ఫోటోను పెద్దది చేయించి మా ముందు గదిలో పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళంతా ఇదేం ఫోటో, మొహం లేకుండా, అని అడుగుతారు. అడిగిన ప్రతిసారీ చిన్నాయన మీద కోపం వస్తుంది. ఆయనా లేడు కాబట్టి ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియదు.

మనవరాలు ఇంకా ఒక ఫిలిం ముక్క పట్టుకునే ఉంది. "మరి ఇందులో?" అని అడిగింది. తీసుకుని నేనూ లైటుకు ఎత్తి పట్టుకున్నాను. నీళ్ళలా తేటగా ఉంది. అది మంచు పొద్దు. మా అవ్వ తలంటుకుని కనకాంబరాలు పెట్టుకుంది. పక్కన నేను ఉన్నాను. నా జబ్బ మీద ఆమె చెయ్యి ఉంది.

పొట్లం మళ్ళీ కట్టి పెట్టె అడుగున పెట్టేశాను.